చిట్టా నుండి తెర వరకు: మెదక్ ప్రాంత పొదుపు సంఘాల లెక్కల చరిత్ర

ఉపోద్ఘాతం

జమాఖర్చుల పుస్తకం ఎవరి చేతిలో ఉంటే డబ్బు విషయంలో వారి మాటే చెల్లుతుంది. మెదక్ పట్టణంలోనూ పరిసర గ్రామాలలోనూ మహిళా పొదుపు సంఘాల లెక్కలు కాగితం నుండి మొబైల్ తెర మీదికి మారుతున్న దశను ఈ వ్యాసం ఆ దృష్టితో పరిశీలిస్తుంది. ఈ మార్పును అర్థం చేసుకోవడానికి ఈ ప్రాంతంలో అంతకు ముందు లెక్కల పద్ధతిలో వచ్చిన మార్పులను కూడా గమనించాలి.

హాలీ సిక్కా నుండి నయాపైసల దాకా

నిజాం రాజ్యంలో భాగమైన మెదక్‌లో లావాదేవీలు హాలీ సిక్కాలో జరిగేవి. ఏడు హాలీ రూపాయలు దాదాపు ఆరు కల్దారు రూపాయలకు సమానం. ప్రభుత్వ దఫ్తరాలలో సంవత్సర గణన ఫసలీలో, రాతకోతలు ఉర్దూలో సాగేవి. తెలుగువారి లెక్కలలో ఏ రోజు పద్దులు ఆ రోజు చిట్టాకు, ఖాతాల వారీగా విడదీసిన పద్దులు ఆవర్జాకు ఎక్కేవి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు వంటి అరబీ, పారశీక మూలాల మాటలు తెలుగు లెక్కల పరిభాషగా స్థిరపడ్డాయి.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. పదహారు అణాల రూపాయి వంద నయాపైసల రూపాయి అయింది. 1959లో హాలీ సిక్కా చెలామణి ముగిసింది. అప్పు రాసుకున్నది ఒక నాణెంలో, తీర్చవలసినది మరొక నాణెంలో అయినప్పుడు చదువురాని రైతు మార్పిడి లెక్క తెలిసినవారి మీద ఆధారపడక తప్పదు. ఆ కాలపు లెక్కల పుస్తకం ప్రధానంగా అప్పు ఇచ్చినవారిదే.

సంఘం పుస్తకాలు

ఈ స్థితిని మార్చినవి పొదుపు సంఘాలు. 1982లో డ్వాక్రా పథకం మొదలైంది. 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగం చేపట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో గ్రామీణ పేదల కోసం సెర్ప్, 2007లో పట్టణ పేదల కోసం మెప్మా ఏర్పడ్డాయి. క్రమబద్ధమైన సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలు సంఘాల నియమావళి అయ్యాయి.

వీటిలో ఐదవ సూత్రం చారిత్రకంగా ముఖ్యమైనది. అప్పు తీసుకునేవారి చేతికే లెక్కల పుస్తకం వచ్చింది. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, పొదుపు-అప్పుల లెడ్జరు, సభ్యురాలి పాసుపుస్తకం సంఘానికి సొంత రికార్డులయ్యాయి. తీర్మానాన్ని అందరి ముందు చదివి వినిపించి, సంతకాలు, వేలిముద్రలు తీసుకునే పద్ధతి వల్ల చదువురాని సభ్యురాలు కూడా లెక్కకు సాక్షి అయింది. ఇక్కడ రాత మౌఖిక సంప్రదాయం ఆసరాతో నిలబడింది.

కాగితానికి పరిమితులు లేకపోలేదు. పుస్తకం రాసేవారు రాకపోతే పద్దులు ఆగిపోతాయి. కూడికలో పొరపాటు దొర్లితే నెలల తరబడి కొనసాగుతుంది. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల వద్ద సభ్యురాలు విడిగా చేసిన అప్పు సంఘం పుస్తకంలో కనిపించదు. ఆ అప్పుల ఒత్తిడి తీవ్రమై 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

తెర మీది లెక్క

2011లో ఏర్పడిన స్త్రీనిధి, రుణ దరఖాస్తులను మొబైల్ ఫోన్ ద్వారా స్వీకరించి 48 గంటలలో రుణం అందించడం లక్ష్యంగా పెట్టుకుంది. 2016లో యూపీఐ ప్రారంభం, మెదక్ జిల్లా విభజన, పెద్దనోట్ల రద్దు ఒకే ఏడాదిలో జరిగాయి. ఆ ఏడాది చివరలో పూర్వపు మెదక్ జిల్లాలోని ఇబ్రహీంపూర్‌ను నగదు రహిత గ్రామంగా ప్రకటించారు. గ్రామీణ సంఘాల లావాదేవీల నమోదుకు కేంద్రం లోకోస్ యాప్‌ను రూపొందించింది.

యాప్ కూడికలో తప్పదు. పాత పద్దు చెదలకు పోదు. బ్యాంకు దూరాన ఉండే సంఘం లెక్క చూడగలుగుతుంది. అయితే పరిభాష మరోసారి మారింది. జమ క్రెడిట్ అయింది, ఖర్చు డెబిట్ అయింది, నిల్వ బ్యాలెన్స్ అయింది. బ్యాంకు సందేశాలు తరచుగా ఆంగ్లంలోనే వస్తాయి. పది పదిహేను మంది నడుమ తెరిచి ఉండే పుస్తకం ఒక్కరి అరచేతిలోని తెరకు కుదించుకుపోతే, మిగిలినవారు సాక్షులుగా కాక సమాచారం అందుకునేవారుగా మిగులుతారు. నాణెం మారిన కాలంలో మార్పిడి లెక్క తెలిసినవారికి దక్కిన అధికారమే ఇప్పుడు ఫోన్ చదవగలిగినవారికి దక్కే అవకాశం ఉంది.

ముగింపు

మెదక్ ప్రాంతపు అనుభవాన్ని బట్టి చూస్తే కాగితమా, తెరా అన్న ప్రశ్న కంటే లెక్క ఎవరికి వినిపిస్తున్నదన్న ప్రశ్న కీలకమైనది. సంఘాల పుస్తకాలకు విశ్వసనీయతను తెచ్చింది వాటిని బిగ్గరగా చదివిన సమావేశమే. యాప్‌లోని పద్దులను నెలనెలా తెలుగులో చదివి వినిపించడం, పాసుపుస్తకంలో నిల్వను రాసి ఇవ్వడం కొనసాగితే సాంకేతికత సభ్యురాలికి తోడవుతుంది. అవి ఆగిపోతే, ఒక తరం మహిళలు కష్టపడి తమ చేతికి తెచ్చుకున్న లెక్క తిరిగి ఇతరుల చేతికి వెళుతుంది.