పది షిల్లింగులకు పోయిన నేల మీద అప్పీల్ జడ్జి: హ్యారీ లాఫోర్మ్ దారి



లా చదువుతున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తరచూ అడిగే ప్రశ్నలు మూడున్నాయి. మనవాళ్ళు పై కోర్టుల్లో జడ్జీలు అవ్వడం అయ్యే పనేనా? అయితే ఏ దారిన వెళ్ళాలి? ఒకరు వెళ్ళి కూర్చున్నంత మాత్రాన మన జనానికి ఒరిగేది ఏంటి? ఈ మూడింటికీ ఒకే మనిషి జీవితంలో జవాబు దొరుకుతుంది. ఆయన మన దేశం వాడు కాదు గానీ, కథ వింటుంటే ఎక్కడో మన ఏజెన్సీలో విన్నట్టే ఉంటుంది.

పేరు హ్యారీ లాఫోర్మ్. కెనడా దేశం, ఒంటారియో రాష్ట్రం. అనిషినాబే జాతిలో మిస్సిసాగా తెగ. 1946లో పుట్టారు. 2004 నవంబరులో ఒంటారియో అప్పీల్ కోర్టు జడ్జి అయ్యారు. కెనడాలో ఏ అప్పీల్ కోర్టులో అయినా కూర్చున్న మొట్టమొదటి ఆదివాసీ ఆయనే. కెనడా దేశంగా ఏర్పడింది 1867లో. అంటే ఆ ఒక్క కుర్చీ దాకా రావడానికి 137 ఏళ్ళు పట్టింది.

ముందు నేల సంగతి

ఈయన కథ అర్థం కావాలంటే ముందు భూమి దగ్గర మొదలుపెట్టాలి. మనకైనా అంతే కదా.

ఇప్పుడు టొరంటో అని పిలిచే మహానగరం ఉన్నది మిస్సిసాగాల నేల మీద. 1787లో ఇంగ్లీషువాళ్ళు కొన్ని సరుకులు పంచి, ఆ భూమి తమకు ఇచ్చేసినట్టు ఒక కాగితం తయారుచేశారు. ఆ కాగితంలో హద్దులు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది! పెద్దమనుషుల గుర్తులు వేరే ముక్కల మీద వేయించి దానికి అతికించారు. ఇది చెల్లదని వాళ్ళకే అనుమానం వచ్చి, 1805లో ఇంకో కాగితం రాయించారు. అందులో 2,50,880 ఎకరాలకు రాసిన ధర 10 షిల్లింగులు.

వలస వచ్చినవాళ్ళు పెరిగారు, వేటా చేపా తగ్గిపోయాయి. చివరికి 1847లో మిస్సిసాగాలు క్రెడిట్ నది ఒడ్డు విడిచి, పక్క తెగవాళ్ళయిన సిక్స్ నేషన్స్ ఇచ్చిన చోటికి తరలిపోయారు. పాత నది పేరుతోనే దాన్ని న్యూ క్రెడిట్ అన్నారు. లాఫోర్మ్ ఆ రిజర్వు బిడ్డ. ఒంటారియో అప్పీల్ కోర్టు ఉన్న భవనం పేరు ఆస్గూడ్ హాల్. అది టొరంటో నడిబొడ్డున ఉంది. అంటే 10 షిల్లింగులకు తన ముత్తాతల నుంచి పోయిన నేల మీదే ఆయన జడ్జిగా కూర్చున్నారు.

లాయర్‌కి చందా పోగేస్తే నేరం

మరి వాళ్ళు కోర్టుకి ఎందుకు వెళ్ళలేదు అంటారా? వెళ్ళనివ్వలేదు.

కెనడాలో ఆదివాసీల మీద ఇండియన్ యాక్ట్ అనే చట్టం 1876లో వచ్చింది. ఆదివాసీ ఎవరైనా డిగ్రీ చదివినా, లాయరో డాక్టరో అయినా ఇక ఆదివాసీ కాదని మొదట్లో అందులో రాసుకున్నారు. చదువుకుంటే తెగలో పేరు పోయేది. తర్వాత ఆ నిబంధనను సడలించారు. కానీ 1927లో దానికి మించింది తెచ్చారు. భూమి క్లెయిముల కోసం ప్రభుత్వ అనుమతి లేకుండా ఆదివాసీల దగ్గర డబ్బు పోగేయడం నేరం. అంటే ఊరంతా తలా కొంత వేసుకుని లాయర్‌ను పెట్టుకుంటే కేసు పెట్టొచ్చు. ఈ నిబంధన 1951 దాకా ఉంది. లాఫోర్మ్ పుట్టేనాటికి తన తెగ భూమి కోసం లాయర్‌కు ఫీజు కట్టడం నేరం. అది రద్దయ్యేటప్పటికి ఆయన నాలుగేళ్ళ పిల్లవాడు. రిజర్వుల్లోని ఆదివాసీలకు తెగ హోదా వదులుకోకుండా దేశ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1960లో.

ఇది గుర్తుపెట్టుకోండి. "మనవాళ్ళలో లాయర్లు ఎందుకు లేరు" అని ఎవరైనా అడిగితే, తెలివి లేక కాదని చెప్పడానికి ఈ తేదీలు చాలు.

ముప్పై ఏళ్ళకు లా డిగ్రీ

లాఫోర్మ్ ఆస్గూడ్ హాల్ లా స్కూల్లో చదివి 1977లో డిగ్రీ తీసుకున్నారు. అప్పటికి వయసు ముప్పై. 1979లో బార్‌లో చేరారు. మనలో గ్యాపులు వచ్చి, ఫీజులు కట్టలేక, ఇంటి పనులు చూసుకుని ఆలస్యంగా లాలో చేరినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఈ వయసులు ఒకసారి చూసుకోవాలి: 32 ఏళ్ళకు లాయరు, 47 ఏళ్ళకు జడ్జి, 58 ఏళ్ళకు అప్పీల్ జడ్జి.

ఆయన చదువుకున్న కాలం కూడా కలిసొచ్చింది. 1973లో కాల్డర్ కేసు వచ్చింది. నిస్గా తెగ తమ భూమి హక్కు కోసం కెనడా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సాంకేతిక కారణం మీద ఓడిపోయారు. కానీ తెల్లవాళ్ళు రాకముందు నుంచే ఆదివాసీలకు భూమి మీద హక్కు ఉందని జడ్జీలు మొదటిసారి ఒప్పుకున్నారు. 1982లో కొత్త రాజ్యాంగ చట్టంలో 35వ సెక్షన్ వచ్చి ఆదివాసీ హక్కులకు, ఒప్పందాలకు గుర్తింపు ఇచ్చింది. అంటే ఆయన బార్‌లోకి అడుగుపెట్టిన రోజుల్లోనే ఆదివాసీ హక్కుల చట్టం ఒక సబ్జెక్టుగా పుడుతోంది. టొరంటోలో ఒక పెద్ద లా సంస్థలో పని నేర్చుకున్నారు, తర్వాత బయటికొచ్చి సొంతంగా ఆదివాసీల కేసులు పట్టుకున్నారు. పెద్ద సంస్థలో ఉండిపోతే జీతం ఎక్కువే ఉండేది. కానీ తర్వాత ఆయన్ను వెతుక్కుంటూ వచ్చిన ప్రతి బాధ్యతా ఈ సొంత ప్రాక్టీసు వల్లే వచ్చింది.

సిఫారసు చేసే కుర్చీ, తీర్పు చెప్పే కుర్చీ

1989లో ఆయన్ను ఒంటారియో ఇండియన్ కమిషన్‌కు కమిషనర్‌గా పెట్టారు. కేంద్రం, రాష్ట్రం, తెగలు మూడూ కూర్చుని మాట్లాడుకునే వేదిక అది. 1990లో ఓకా అనే చోట పెద్ద గొడవ జరిగింది. మోహాక్ తెగ పవిత్రంగా చూసుకునే నేల మీదికి గోల్ఫ్ మైదానం పెంచబోతే వాళ్ళు అడ్డం నిలబడ్డారు. 78 రోజులు, సైన్యం దాకా వెళ్ళింది. దాని తర్వాతే 1991లో భూమి క్లెయిములు విచారించే ఇండియన్ క్లెయిమ్స్ కమిషన్ పెట్టారు. దానికి లాఫోర్మ్ అధ్యక్షుడు.

కానీ ఆ కమిషన్‌కు సిఫారసు చేసే అధికారమే ఉంది. మన దగ్గర ఎన్ని కమిటీల రిపోర్టులు బీరువాల్లో పడి ఉన్నాయో మీకు తెలుసు. అక్కడా అదే బాధ. తర్వాతి కాలంలో టొరంటో భూమి క్లెయిమ్‌ను కూడా ఆ కమిషనే విచారించింది. అప్పటికి లాఫోర్మ్ అక్కడ లేరు. 2010లో ఆ వ్యవహారం 14.5 కోట్ల డాలర్లకు పరిష్కారమైంది. భూమి తిరిగి రాలేదు.

1994లో ఆయన ఒంటారియో ట్రయల్ కోర్టు జడ్జి అయ్యారు. ఇది మన హైకోర్టు స్థాయి ఉన్న కోర్టు. ఆ స్థాయికి అప్పటిదాకా కెనడా మొత్తంలో వచ్చిన ఆదివాసీలు ఆయనతో కలిపి ముగ్గురే. అక్కడ కింద నుంచి మెట్టు మెట్టు ప్రమోషన్ ఉండదు. పదేళ్ళు బార్‌లో ఉన్నవాళ్ళలోంచి కేంద్ర ప్రభుత్వం తీసుకుంటుంది.

2002లో ఒక కేసు ఆయన పేరు దేశమంతా తెలిసేలా చేసింది. అది ఆదివాసీ కేసు కాదు. ఒకే లింగానికి చెందిన జంటల పెళ్ళి గురించి. ముగ్గురు జడ్జీలూ పాత నిర్వచనం సమానత్వానికి విరుద్ధమన్నారు. మిగతా ఇద్దరూ ప్రభుత్వానికి 24 నెలల గడువిద్దామన్నారు. లాఫోర్మ్ ఒక్కరే, హక్కు ఉందని తేలాక ఆగడం దేనికి, ఇప్పుడే అమలవ్వాలి అన్నారు. మరుసటి ఏడాది జూన్‌లో అప్పీల్ కోర్టు ఆయన చెప్పినట్టే వెంటనే అమలు చేసింది. ఆదివాసీ జడ్జి అంటే ఆదివాసీ కేసులకే పనికొస్తాడు అనేవాళ్ళకు ఈ ఒక్కటి చాలు.

అప్పీల్ కోర్టులో 14 ఏళ్ళు

అప్పీల్ కోర్టులో సాక్షులు రారు. మామూలుగా ముగ్గురు జడ్జీలు కూర్చుని కింది కోర్టు రికార్డు చదువుతారు, లాయర్ల వాదన వింటారు, కింది జడ్జి చట్టాన్ని సరిగ్గా పట్టుకున్నాడా లేదా తేలుస్తారు. అక్కడ రాసిన మాట రాష్ట్రంలోని కింది కోర్టులన్నిటికీ కట్టుబాటు. అందుకే అక్కడ మనవాడు ఒకడు ఉండటానికి అంత విలువ.

రెండు తీర్పులు చెప్తాను. కెనడాలో ఆదివాసీలు జనాభాలో కొద్దిమందే అయినా జైళ్ళలో చాలా ఎక్కువ. అందుకని 1996లో చట్టం మార్చారు. శిక్ష వేసేటప్పుడు ఆదివాసీ నిందితుడి పరిస్థితులను జడ్జి ప్రత్యేకంగా చూడాలి అన్నారు. 1999లో గ్లాడ్యూ కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. అయినా కింది కోర్టుల్లో ఆ వివరాలు అడిగేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. 2006లో కకెకగమిక్ కేసులో లాఫోర్మ్ తేల్చి రాశారు: ఇది ఇష్టమైతే చేసే పని కాదు, ఆ వివరాలు కోర్టు ముందుకు రావాల్సిందే, లాయర్లు తేవాలి, రాకపోతే జడ్జి అడగాలి. అలా అని ఆ కేసులో శిక్ష తగ్గించలేదు, నేరం తీవ్రత చూసి అలాగే ఉంచారు. మనవాడని వదిలేయలేదు, మనవాళ్ళకు రావాల్సిన విచారణను కూడా వదిలేయలేదు.

రెండోది 2013లో, కోకోపెనాస్ కేసు. గ్రాసీ నారోస్ తెగకు చెందిన ఒకతన్ని కెనోరా పట్టణంలో జ్యూరీ దోషిగా తేల్చింది. ఆ జిల్లాలో ఐదో వంతుకు పైగా జనం రిజర్వుల్లో ఉండేవాళ్ళే. జ్యూరీ జాబితాలో మాత్రం వాళ్ళు నూటికి నలుగురైదుగురు. పాత పేర్ల జాబితాలు పట్టుకుని పోస్టులో ఫారాలు పంపి, తిరిగి రాకపోతే మీరు రాలేదు కాబట్టి మా తప్పు లేదన్నారు అధికారులు. లాఫోర్మ్ ఒప్పుకోలేదు. ఈ దూరం ఎందుకు వచ్చిందో ప్రభుత్వానికి తెలుసు, దాన్ని తగ్గించే బాధ్యత కూడా ప్రభుత్వానిదే అని, మళ్ళీ విచారణ జరగాలని రాశారు. ముగ్గురిలో ఇద్దరు ఒక వైపు, ఒకరు వ్యతిరేకం. 2015లో సుప్రీంకోర్టు 5-2 తేడాతో ఆ తీర్పును కొట్టేసింది. ప్రభుత్వం సహేతుకంగా ప్రయత్నిస్తే చాలు, ఫలితం రాకపోయినా పర్వాలేదు అంది.

అంటే పైన ఇంకో మెట్టు ఉంటే, అక్కడ మనవాళ్ళు లేకపోతే ఏమవుతుందో ఇక్కడ కనిపిస్తుంది. అప్పటికి కెనడా సుప్రీంకోర్టులో ఒక్క ఆదివాసీ జడ్జి కూడా లేరు.

దిగిపోయిన కుర్చీ

ఆయన జీవితంలో అన్నీ గెలుపులే అనుకోవద్దు. ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి లాక్కెళ్ళి పెట్టిన రెసిడెన్షియల్ స్కూళ్ళ దారుణాల మీద 2008లో కెనడా ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ వేసింది. దానికి మొదటి అధ్యక్షుడు లాఫోర్మే. కొన్ని నెలల్లోనే, అదే ఏడాది అక్టోబరులో రాజీనామా చేశారు. మిగతా ఇద్దరు కమిషనర్లు తన నాయకత్వాన్ని అంగీకరించడం లేదని, కమిషన్ స్వతంత్రంగా నడవడం లేదని చెప్పారు. బాధితులు చాలామంది నిరాశపడ్డారు. 2009లో ఇంకో ఆదివాసీ జడ్జి మర్రే సింక్లెయిర్ ఆ బాధ్యత తీసుకుని 2015లో పూర్తి చేశారు. లాఫోర్మ్ చేసింది సరైందా కాదా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. నాకు కనిపించేది ఒకటి: ఇంత పెద్ద పని మోయగలిగినవాళ్ళు అప్పటికి ఆ జనంలో ఒకరికంటే ఎక్కువమంది తయారై ఉన్నారు. ఒకరు దిగితే పని ఆగిపోలేదు.

2018లో రిటైరయ్యారు. ఆ తర్వాత ఇంకో మాజీ జడ్జితో కలిసి, తప్పుడు కేసుల్లో జైలుపాలైనవాళ్ళ కోసం స్వతంత్ర కమిషన్ కావాలని 2021లో రిపోర్టు ఇచ్చారు. 2024 డిసెంబరులో అది చట్టమైంది. ఈ మధ్యలో 2022లో మిషెల్ ఓబోన్సావిన్ అనే అబెనాకి మహిళ కెనడా సుప్రీంకోర్టు మొదటి ఆదివాసీ జడ్జి అయ్యారు. 2004 నుంచి 2022 దాకా 18 ఏళ్ళు.

ఇక మన దారి

మన దగ్గర 1/70 చట్టాన్ని నిలబెట్టి, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవన్న సమత తీర్పు 1997 జూలై 11న వచ్చింది. రాసింది జస్టిస్ కె. రామస్వామి, పశ్చిమ గోదావరి మనిషి. అది కూడా అప్పీలులో వచ్చిన తీర్పే. హైకోర్టులో ఓడిపోయి పైకి వెళ్ళి, ముగ్గురిలో ఇద్దరి మాటతో గెలిచాం. ఒక్క జడ్జి అటు మారి ఉంటే బొర్రా, అనంతగిరి ఊళ్ళ సంగతి వేరేలా ఉండేది.

లా చదివేవాళ్ళు ఇది రాసిపెట్టుకోండి. కింది స్థాయి జడ్జి పోస్టులకు, అంటే జూనియర్ సివిల్ జడ్జికి, ఎస్టీ రిజర్వేషన్ ఉంది. 2025 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆ పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి. జిల్లా జడ్జికి నేరుగా వెళ్ళాలంటే ఏడేళ్ళు. హైకోర్టుకు హైకోర్టులో పదేళ్ళ ప్రాక్టీసో, పదేళ్ళ జ్యుడీషియల్ సర్వీసో కావాలి. హైకోర్టు, సుప్రీంకోర్టు నియామకాల్లో రిజర్వేషన్ లేదు. అక్కడికి పేరు వెళ్ళాలంటే ముందు ఆ కోర్టు హాల్లో ఏళ్ళ తరబడి కనపడే లాయర్లు మనలో ఉండాలి.

కాబట్టి డిగ్రీ అయ్యాక మొదటి మూడేళ్ళు ప్రాక్టీసులో నిలబడటమే అసలు కష్టం. ఆ మూడేళ్ళు జీతం ఉండదు, గది అద్దె మాత్రం ఉంటుంది. చాలామంది మనవాళ్ళు అక్కడే ఆగిపోయి గ్రూప్స్ వైపు వెళ్ళిపోతున్నారు. ఉద్యోగాల్లో ఉన్న పెద్దలు ఒక్కొక్కరు ఒక్క జూనియర్ లాయర్‌కు ఆ మూడేళ్ళు తోడు నిలవగలరా అని ఆలోచించాలి. ఒకప్పుడు అక్కడ లాయర్ కోసం చందా పోగేస్తే నేరం. ఇక్కడ మనకు ఆ అడ్డు లేదు. ఎవరు ఏ కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారో కింద రాయండి, ఒక జాబితా చేద్దాం.

జోహార్.