సరిహద్దు బాటయు సెప్టెంబరు పదునేడును

గరికపాటి మీదుగా పోవు బెజవాడ–హైదరాబాదు రహదారిపై నిలిచి పడమటికి జూచినచో నేడు రెండు రాష్ట్రముల సరిహద్దు కానవచ్చును. 1948 నాటికి అది నైజాము రాజ్యపు పొలిమేర. ఆ యేడు సెప్టెంబరు 13వ తేదీన మేజర్ జనరల్ రుద్రా ఆధిపత్యమున బెజవాడ వైపునుండి కదలిన భారతసైన్యము ఈ మార్గముననే సాగి, ఉదయమునకే కోదాడను, అపరాహ్ణమునకు మునగాలను చేరెను. మునగాల పరగణా నాడు మన కృష్ణాజిల్లాలోనిదే. చుట్టును నైజాము నేల. మరునాడు సూర్యాపేట వశమయ్యెను. వెనుదిరిగిన నిజాము సేనలు మూసీ వంతెనను కూల్చినవి. 17వ తేదీన నిజాము లొంగుబాటు ప్రకటించెను.

ఐదు దినముల ఈ కథను చెప్పుట సులభము. ఆ దినమును ఏ పేర పిలువవలెనన్నదే చిక్కు. రజాకార్ల దౌర్జన్యమునకు తాళలేక సరిహద్దు దాటివచ్చిన కుటుంబములకు అది విమోచనము. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిననాటినుండి పోరాడిన రైతుసంఘముల వారికి, పిమ్మట 1951 వరకు అదే సైన్యముతో తలపడవలసి వచ్చినందున, అది సంపూర్ణ విజయము కాదు. పోలీసు చర్య వేళను, తదుపరియు ఆప్తులను కోల్పోయిన ముస్లిము కుటుంబములకు అది శోకదినము. కేంద్ర ప్రభుత్వము పంపిన పండిత సుందరలాల్ సంఘము మృతుల సంఖ్యను 27 వేలు మొదలు 40 వేల వరకు అంచనా వేసినది. ఆ నివేదికను ప్రభుత్వము దశాబ్దములపాటు ప్రకటింపలేదు.

2022లో ఒకే దినమున ఒకే నగరమున కేంద్రము విమోచన దినమును, రాష్ట్రము జాతీయ సమైక్యతా దినమును జరిపినవి. 2024లో రాష్ట్రము దానినే ప్రజాపాలన దినోత్సవమనెను. పేర్లు మారుచున్నవి, మృతులు మాత్రము పేరులేనివారుగనే మిగులుచున్నారు.

మన పూర్వుల తీరు వేరు. జగ్గయ్యపేట స్తూపశాసనములందు కానవచ్చు వీరపురుషదత్తుని ఇక్ష్వాకు వంశ కాలమున నాగార్జునకొండయందు రణమున కూలినవారికి ఛాయాస్తంభములు నిలిపిరి. ఆ శిలలపై మృతుని పేరు ప్రధానము. ఆ యుద్ధముల ఫలితములను నేడు మనము మరచితిమి. ఆ పేర్లను మరువలేదు.

గ్రంథాలయమునకు ఉత్సవముకంటె గ్రంథమే తగిన స్మారకము. మన పరిసర గ్రామములనుండి సైన్యమున చేరి మరణించినవారు, ఉద్యమమున కూలినవారు, ఆ కల్లోలమున అకారణముగ బలియైనవారు – వీరందరి పేరు, ఊరు, తేదీ వ్రాసిన పుస్తకమొకటి మన బీరువాలో ఉండవలెను. ఎవరు ఏ పక్షమో అందు విచారింప నక్కరలేదు. పెద్దల జ్ఞాపకములు వారితోనే అంతరింపకమునుపే ఈ పనికి పూనుకొందము. ఆ దినమునకు ఏ పేరు తగునో, ఆ పుస్తకము చదివినపిదప ఎవరికివారే నిర్ణయించుకొందురు గాక.