జనగామ సీమలో వెట్టి: కులము, వర్గము

ఆర్థిక వైషమ్యమును గూర్చి వాదించువారిలో కొందరు సంపదను మాత్రమే లెక్కింతురు. కొందరు పుట్టుకను మాత్రమే చూతురు. నర్మెట్ట మొదలుకొని పాలకుర్తి దాక వ్యాపించి, నిజాము పాలనలో నల్లగొండ జిల్లాకు చేరియుండిన జనగామ సీమ చరిత్రను పరికించినచో, ఈ రెండింటిని విడదీసి చూచుట యెంత యన్యాయమో బోధపడును.

నిజాము దివానగు మొదటి సాలార్‌జంగు 1865లో జిల్లాబందీ (జిల్లాల పాలనా వ్యవస్థ) నెలకొల్పి శిస్తు గుత్తలను తొలగింపగా, అంతవరకు వసూళ్లపై బ్రతికిన దేశముఖులు వతనులు (వంశపారంపర్య భత్యములు) పొందుటయేగాక, సర్వే జరిగిన కాలమున రైతులు తరతరములుగా దున్నుకొనుచుండిన భూములను సైతము తమ పేర పట్టా చేయించుకొనిరి. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి చేతిలో 40,000 ఎకరములుండెనని చెప్పుదురు.

దొర యనబడు దేశముఖు బలము భూమితోనే తీరలేదు. ఆతని కోటయగు గడీలోని ప్రతి పనికిని ఒక్కొక్క కులము కట్టుబడియుండెను. చాకలి బట్టలుదికి, అంట్లు తోమి, మేనా మోయవలెను. మంగలి రాత్రివేళ దొర కాళ్లు పిసుకవలెను. కుమ్మరి కుండలను, గొల్ల మందలోని గొఱ్ఱెను ఊరక సమర్పింపవలెను. గౌండ్లవాడు మంచి తాటిచెట్లను గడీకి విడువవలెను. మాదిగ చెప్పులు కుట్టి, మోటబొక్కెనకు తోలు సిద్ధపఱచి, ఊరికి వచ్చిన అధికారి మూటను తలకెత్తుకొని పొరుగూరి దాక నడువవలెను. కూలి లేని ఈ చాకిరియే వెట్టి. కూలి అడుగు నోరు లేదు. “నీ బాంచెన్, కాల్మొక్త” అనుటయే తెలిసినది. కరవునాడు నాగుకు (వడ్డీకి) తెచ్చిన ధాన్యపు బాకీ తీరక తండ్రి కన్నుమూయగా కొడుకు జీతగాడయ్యెను. వీరందఱును బీదలే. అయినను, ఊరి నడుమనున్న చాకలి బీదతనమును, ఊరి వెలుపల నుంచబడిన మాదిగ బీదతనమును ఒక్కటియని నేననజాలను.

1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ సమావేశము జరుపుకొన్న ఆంధ్రమహాసభ తెలుగు భాషకు, విద్యకు, గ్రంథాలయములకు పాటుపడిన సంస్థ. 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడగునప్పటికి వెట్టి, భూమి దాని ప్రధాన ప్రశ్నలైనవి. పల్లెజనులు దానిని “సంఘము” అనిరి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పొలముపై దేశముఖు కన్ను పడెను. వెట్టి చేయవలసిన కులమునందు పుట్టిన స్త్రీ సొంతముగా సేద్యము చేయుటయే ఆతనికి నేరముగా తోచియుండును. సంఘమువారు దొర మనుషులకెదురు నిలిచి ఆ పంటను కోసి ఆమె యింటికి చేర్చిరి. 1946 జూలై 4న కడవెండిలో కఱ్ఱలు, వడిసెలలు చేపట్టి ఊరేగిన జనముపై దొర మనుషులు తుపాకులు పేల్చగా వారిలోని దొడ్డి కొమరయ్య నేలకొరిగెను.

అటుపై సంఘము భూములను పంచసాగెను. ఇచ్చట నాకు తోచిన లోపమును దాచను: మొదట భూపరిమితి 500 ఎకరములుగా నుండి, పిమ్మట 100 ఎకరముల ఖుష్కికి (మెట్టకు), 10 ఎకరముల తరికి (మాగాణికి) దిగెను. పెద్ద రైతును వెంట నిలుపుకొన వలయునను ఆలోచన దీనికి మూలమై యుండవచ్చును. కాని అట్టి హద్దునకు పైని మిగులు భూమి, కౌలు భూమియైనను లేని వెట్టి మాదిగ గడప దాక ఎంత చేరగలదు?

దొరలపై సాగిన సాయుధపోరాటము 1951 అక్టోబరులో విరమింపబడెను. అంతకు ముందే, ఏప్రిల్ 18న, నాటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లికి వచ్చిన గాంధేయవాది వినోబాభావేను అచ్చటి హరిజనులు బ్రతుకుటకు 40 ఎకరముల తరిని, 40 ఎకరముల ఖుష్కిని అడిగిరి. అచ్చటి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములిత్తునని లేచి పలికెను.