యాది, ధారణ

మంథనిలో పాత సంగతి అడిగితే ‘జ్ఞాపకం లేదు’ అనేవాళ్లు తక్కువ. ‘యాదికి లేదు’ అంటారు. ఫారసీ ‘యాద్’ ఉర్దూ మీదుగా వచ్చి, చివర ఇకారం చేర్చుకొని మనదైపోయింది. ఆదిలాబాదు జిల్లా సామల సదాశివ తన జ్ఞాపకాల పుస్తకానికి పెట్టుకున్న పేరూ ‘యాది’నే. యాది వస్తది, పోతది.

వేదపండితులకు పేరుపడ్డ ఆ ఊళ్లోనే ఇంకో మాట ఉంది: ధారణ. ‘ధృ’ ధాతువుకు పట్టి నిలపడమని అర్థం. వేదం వల్లించే ఘనపాఠంలో మూడు పదాలుంటే ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్లీ ఒకటి-రెండు-మూడు అని నడుస్తుంది. ఇట్లా ముందుకూ వెనక్కూ తిప్పి చెప్పే నోట ఒక్క పదం జారినా అక్కడే దొరికిపోతుంది.

‘మెమరీ’ అన్న మాట ఈ రెంటినీ కలిపేసింది. పాత వైఫై రౌటర్ల దగ్గర మన రెండు మాటలే నయం. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ నాలుగో వెర్షనులో ఫ్లాష్ 4 మెగాబైట్లు, ర్యామ్ 16. ఫ్లాష్ ధారణ, కరెంటు పోయినా నిలుస్తుంది. ర్యామ్ యాది, కరెంటుతోనే పోతుంది. ఫ్లాష్ మొదట్లో 256 కిలోబైట్లు బూట్‌లోడరువి. ఆ తర్వాత కుదించిన లినక్స్ కెర్నెల్, దాని వెనక ఫైళ్లు. చిట్టచివరి 64 కిలోబైట్ల గడిలో మన పాస్‌వర్డు, నెట్‌వర్క్ పేరు. స్విచ్ వేయగానే బూట్‌లోడరు చెక్‌సమ్ సరిచూసుకొని కెర్నెల్‌ను ర్యామ్‌లోకి విప్పుతుంది. ఘనపాఠం కాసే కాపలాను ఇక్కడ ఆ చెక్‌సమ్, 32 బిట్ల అంకె ఒకటి, కాస్తుంది.

2005లో అదే పేరుతో, అదే నీలం నలుపు పెట్టెలో ఐదో వెర్షను వచ్చింది. లోపల ఫ్లాష్ 2, ర్యామ్ 8. లినక్స్ పోయి వీఎక్స్‌వర్క్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది. తేడా తెలిసేది అడుగున స్టిక్కరు మీది వెర్షను అంకెతో. లినక్స్ కావాలన్నవాళ్లకు పాత 4, 16 కొలతలతో జీఎల్ అని వేరే మోడల్ తెచ్చారు. ‘మెమరీ చాలలేదు’ అంటే ఏది చాలనట్టు? ధారణ చాలకుంటే రౌటరును నడిపే ఫర్మ్‌వేర్ అసలు పట్టదు. యాది చాలకుంటే ఎక్కుతుంది, పని చేస్తుంది, ఒకేసారి ఎక్కువ కనెక్షన్లు తెరిచిన రోజున ఆగిపోతుంది. పేరు ఒకటే పెట్టుకుంటే ఈ రెండు జబ్బులను విడదీయడం కష్టం.

పాస్‌వర్డున్న ఆ చివరి గడికి మాత్రం ఈ రెండు మాటలూ సరిపడవు. అక్కడున్నది గుర్తు. మనం పెట్టుకున్నది, మనమే చెరపగలిగేది. రీసెట్ బటన్‌ను సన్నటి పుల్లతో కాసేపు నొక్కి పట్టుకుంటే పాస్‌వర్డు పోతుంది. బూట్‌లోడరు, కెర్నెల్ ఉన్నచోటనే ఉంటాయి.