డెగూ పళ్ళు, రామన్నపేట పళ్ళు

పిల్లల పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదకు విసిరెయ్యడం మా ఇళ్ళల్లో అలవాటు. పన్ను బాగా రావాలని పెద్దవాళ్ళ కోరిక. ఎందుకంటే మనకు పళ్ళు వచ్చేది రెండేసార్లు. రెండోసారి వచ్చినవి ఎలా వస్తే అలాగే చివరిదాకా ఉంచుకోవాలి. ఎలుక జాతికి ఆ బాధ లేదు. ముందు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. మన ఇంట్లో తలుపు అంచు, బియ్యం సంచి, చీరల పెట్టె కొరికి పెట్టేది అందుకే. అది దాని ఆకలి కాదు, అవసరం. కొరకకపోతే పళ్ళు పెరిగి నోరే మూసుకుపోతుంది.

ఈ పళ్ళ గురించి చదవడం మొదలుపెట్టింది మా చెల్లెలి కూతురి వల్ల. బ్రిటన్‌లో ఉంటుంది. అక్కడ ఎవరో పెంచలేక వదిలేసిన రెండు డెగూలను తెచ్చుకుంది. ఉడుతకూ ఎలుకకూ మధ్యలో ఉన్నట్టుండే ప్రాణి, తోక చివర బ్రష్‌లాంటి కుచ్చు. తెచ్చిన వారం నుంచే ఫోన్లు. “పెద్దమ్మా, రాత్రంతా పంజరం కడ్డీలు కొరుకుతున్నాయి. పళ్ళు నారింజ రంగులో ఉన్నాయి, జబ్బేమో. ఎండుద్రాక్ష పెడితే ఎగబడి తింటున్నాయి, పెట్టొచ్చా?” ఈ మూడు ప్రశ్నలకూ జవాబు వెతికితే అది ఎక్కడెక్కడో తిరిగి మా రామన్నపేటకే వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

డెగూ సొంత ఊరు దక్షిణ అమెరికాలోని చిలీ దేశం. ఆండీస్ కొండలకు పడమట, ముళ్ళపొదలు ఎక్కువ, వానలు తక్కువ ఉండే నేల. పేరు అక్కడి మపూచే ప్రజల భాషలో ఎలుకకు వాడే మాట నుంచి వచ్చింది. దాన్ని మొదట పుస్తకంలోకి ఎక్కించినవాడు హువాన్ ఇగ్నాసియో మోలినా అనే చిలీ మతగురువు. స్పెయిన్ రాజు 1767లో జెసూట్లను తన రాజ్యాలన్నిటి నుంచి వెళ్ళగొట్టినప్పుడు ఈయన ఇటలీ చేరి బొలోన్యాలో స్థిరపడ్డాడు. పుట్టిన దేశానికి అంత దూరంలో కూర్చుని, అక్కడి చెట్టూ పిట్టా జంతువుల గురించి 1782లో పుస్తకం అచ్చువేయించాడు. అందులో డెగూను ఉడుతల్లో చేర్చాడు. 1834లో చిలీలో తిరిగిన డార్విన్ కూడా ఇవి కంచెల వెంట వందల కొద్దీ కనిపిస్తాయని, పగటిపూటే బెదురు లేకుండా మేస్తాయని, పరుగెత్తేటప్పుడు తోక ఎత్తి ఉడుతల్లా ఉంటాయని రాసుకున్నాడు.

ఉడుత కాదని తేల్చింది పళ్ళే. 1832లో లండన్‌లో బెన్నెట్ అనే ఆయన దీని జాతికి ఆక్టోడాన్ అని పేరు పెట్టాడు. ఎనిమిది పన్ను అని అర్థం. పళ్ళు ఎనిమిదే ఉంటాయని కాదు, దవడ పన్ను అరిగిన చోట ఆంగ్ల అంకె 8 ఆకారం కనిపిస్తుంది. ఇంకో విశేషం, మన ఇంటి ఎలుకకు ముందు పళ్ళే పెరుగుతాయి, డెగూకు దవడ పళ్ళు కూడా జీవితాంతం పెరుగుతాయి. ముందు పళ్ళు కర్ర కొరికితే అరుగుతాయి. దవడ పళ్ళు అరగాలంటే గంటల తరబడి గడ్డి నమలాలి. చిలీ పొదల్లో దానికి దొరికేది గట్టి గడ్డి, ఆకులు, బెరడు, గింజలు. పంజరంలో మెత్తటి మేత పెడితే నోరు పాడవుతుంది. చెక్ దేశపు పశువైద్యులు పెంపుడు డెగూలు 300 తీసుకుని ఏ జబ్బులు వస్తున్నాయో చూసి 2011లో రాస్తే, మొదటి స్థానం పళ్ళ జబ్బులదే.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు, కొరకనివ్వాలి, కానీ కడ్డీలు కాదు. కడ్డీలు కొరికితే పళ్ళు విరుగుతాయి. మందు కొట్టని ఆపిల్ కొమ్మలు, ఎప్పుడూ ఖాళీ కాకుండా ఎండుగడ్డి, పొర్లాడడానికి మెత్తటి దుమ్ము, తోడుకు ఇంకో డెగూ ఉండాలి. ప్లాస్టిక్ వస్తువులు మింగితే కడుపులో అడ్డం పడతాయి. తోక పట్టుకుని ఎత్తకూడదు, తోక చర్మం ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. వారానికోసారి తూకం వెయ్యాలి. బరువు తగ్గినా, గడ్డం తడిగా ఉన్నా, మేత నోట్లోంచి జారుతున్నా చిన్న జంతువులు తెలిసిన డాక్టర్ దగ్గరకు పోవాలి.

రెండో ప్రశ్న రంగు. నారింజ రంగు జబ్బు కాదు, ఆరోగ్యం. ముందు పళ్ళ పైపొరలో ఇనుము ఉంటుంది, ఆ రంగు దానిదే. పళ్ళు పాలిపోతే అప్పుడు కంగారుపడాలి. ఇది చదివినప్పుడే నాకు మా అమ్మ పళ్ళు గుర్తొచ్చాయి. మనం తెల్లగా ఉంటే మంచివి అనుకుంటాం. మా ఊళ్ళో మాత్రం చాలామందికి సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు, వాటి మీద గోధుమరంగు చారలు. అమ్మ నవ్వితే కొంగు అడ్డం పెట్టుకునేది. బొగ్గుపొడితో రుద్దినా, యాపపుల్లతో తోమినా పోలేదు. పోదు కూడా, అది పైన పట్టిన మురికి కాదు. పన్ను చిగురులోపల తయారవుతున్నప్పుడే తాగిన నీళ్ళు వేసిన ముద్ర.

ఫ్లోరోసిస్ సంగతి తెలుగు నేల మీద మొదట బయటపడింది నెల్లూరు జిల్లాలో. 1937లో డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు దాని గురించి రాశారు. నల్లగొండ గురించి 1955లో డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మన బండరాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలో నిలిచేకొద్దీ అది కరిగి కలుస్తుంది. తాగేనీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకుంటే 1.5 వరకు అని మన ప్రమాణం. పళ్ళతో ఆగితే బాగుండేది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు.

ఆ సంస్థ కథలో కూడా ఎలుకలున్నాయి. 1918లో కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల అది, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. దేశంలో ఏ ప్రాంతంవాళ్ళు ఏం తింటారో ఆ తిండి మెకారిసన్ తెల్ల ఎలుకలకు పెట్టి చూశాడు. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరగాయలు తిన్న పంజాబు తిండి ఎలుకలు బాగా ఎదిగాయి, మద్రాసువైపు అన్నం తిండి తిన్నవి వెనకబడ్డాయి. ఇంట్లో పళ్ళెంలో ఏం పెడుతున్నామన్నది ఆడవాళ్ళ పని అని తీసిపారేసే రోజుల్లో, అదే అసలు విషయమని ఎలుకలు చెప్పాయి.

ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఎలుక ముందు పళ్ళమీద కూడా నారింజ రంగు పోయి తెల్లటి పట్టీలు పడతాయి. కానీ నీళ్ళు మారిస్తే కొత్తగా పెరిగిన పన్ను మళ్ళీ మంచి రంగులో వస్తుంది, పాతది అరిగి పోతుంది. ఎలుక పన్ను పోయిన నెల సంగతి కూడా గుర్తుంచుకోదు. మనిషి పన్ను మాత్రం ఐదారేళ్ళప్పుడు ఏ బావి నీళ్ళు తాగారో అరవై ఏళ్ళకు కూడా చెబుతుంది. పెళ్ళిచూపుల్లో నవ్వమంటే తల దించుకున్న అమ్మాయిలు ఆ బావిని తవ్వలేదు, ఆ ఊరిని ఎంచుకోలేదు. అయినా మాట పడింది వాళ్ళే.

మందు కూడా మన జిల్లా పేరుతోనే వచ్చింది. పటిక, సున్నం కలిపి, తిప్పి, తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో తయారుచేసింది. దాని పేరు నల్లగొండ టెక్నిక్. టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. ఇక్కడ 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక నది నీళ్ళు నల్లాలో వస్తున్నాయి. అదే ఏడాది మా రామన్నపేట నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి మారింది.

ఇక మూడో ప్రశ్న, ఎండుద్రాక్ష. పెట్టకూడదు. డెగూ ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్ మిగతా జంతువులదానికంటే చాలా బలహీనం. తీపి లేని పొదల్లో వేల ఏళ్ళు బతికిన ఒళ్ళు అది, చక్కెర వస్తే తట్టుకోలేదు. షుగర్ వస్తే కొన్ని వారాల్లోనే కళ్ళలో శుక్లాలు వస్తాయి. అందుకే షుగర్ గురించి చదివే శాస్త్రవేత్తలు డెగూను ప్రయోగశాలకు తీసుకుపోయారు. నీళ్ళు ఎక్కువగా తాగుతున్నా, కళ్ళు మబ్బుగా కనిపించినా వెంటనే చూపించాలి. పండ్లు, బెల్లం, బిస్కెట్టు, తేనె పూసిన గింజలు ఏవీ వద్దు.

ఈ మాట చెప్పడం తేలిక, పాటించడం కష్టం. మనకు ప్రేమంటే నోట్లో తీపి పెట్టడమే. పుట్టినా, పాసైనా, ఇంటికి చుట్టం వచ్చినా తీపి. షుగర్ ఉన్న మామగారికి “ఒక్కటే కదా” అని లడ్డు పెట్టే చేతులు మనవే. ఎగబడి తింటోంది కాబట్టి దానికి మంచిదే అనుకోవడం డెగూ విషయంలో ఎంత తప్పో, ఇంట్లో మనుషుల విషయంలోనూ అంతే.

ఇంటికి కొత్తగా ఏ ప్రాణిని తెచ్చినా ముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోండి: అది పుట్టిన నేల మీద ఏం తినేది, ఏ నీళ్ళు తాగేది? దాని జబ్బుల్లో సగం వాటిలోనే తెలుస్తాయి. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళల్లో ఇంకోటి కూడా అడగాలి. నల్లా రాని రోజున ఏ బోరింగు నీళ్ళు పడుతున్నారు, ఆ నీళ్ళను పరీక్ష చేయించారా? ఆ వయసులో తాగిన నీళ్ళ ముద్ర తర్వాత ఎంత తోమినా పోదు.