హెచ్‌పీ, కాంపాక్ కలిస్తే ఎవరు బాగుపడ్డారు?

విలీనం అనగానే ఉద్యోగులకీ, కస్టమర్లకీ, షేర్‌హోల్డర్లకీ అందరికీ మంచిదేనంటారు. హెచ్‌పీ-కాంపాక్ కథ చూద్దాం.

2001 సెప్టెంబర్‌లో హెచ్‌పీ సీఈఓ కార్లీ ఫియోరినా సుమారు 2500 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించగానే హెచ్‌పీ షేరు ఒక్కరోజులో దాదాపు 18 శాతం పడింది. వ్యవస్థాపకుడి కొడుకు వాల్టర్ హ్యూలెట్ అడ్డం తిరిగాడు. 2002 మార్చి ఓటింగ్‌లో మూడు శాతం లోపు తేడాతో ఎలాగో గట్టెక్కింది.

ఉద్యోగులా? 15,000 మందిని తీసేస్తామని ముందే చెప్పేశారు.

కస్టమర్లా? రెండు యూనిక్స్‌లు ఎందుకని హెచ్‌పీ-యూఎక్స్ ఉంచుకుని, కాంపాక్ వాళ్ళ ట్రూ64ని పక్కన పెట్టారు. అందులోని ఫైల్ సిస్టమ్, క్లస్టరింగ్ ఇందులోకి తెస్తామన్న మాట కూడా 2004లో తప్పారు. ట్రూ64ని నమ్ముకున్నవాళ్ళు మూటాముల్లె సర్దుకోవాల్సిందే!

షేర్‌హోల్డర్లా? 2007కల్లా పీసీల్లో డెల్‌ని దాటేశారు, కాదనను. కానీ 2015లో కంపెనీయే రెండు ముక్కలైంది... పీసీలు, ప్రింటర్లు ఒకవైపు, సర్వర్లు ఇంకోవైపు. 2005లో బోర్డు సాగనంపిన ఫియోరినా మాత్రం సుమారు 2.1 కోట్ల డాలర్లతో వెళ్ళింది.

అందుకే విలీనం వార్త చూస్తే నేను లాభాల లెక్క చదవను. రెండు కంపెనీల్లోనూ ఉన్న ప్రొడక్టులేవో చూస్తాను. వాటిలో ఒకటి పోతుంది, దాన్ని తయారుచేసేవాళ్ళనీ, వాడేవాళ్ళనీ రోడ్డున పడేసి. మరి మీరేమంటారు?