‘ఉన్నంతవరకు’ అనే షరతు: ఐరోపా ఏకీకరణ – జాతీయ రాజ్యాంగాలు

ఒక దేశంలో ఆ దేశ రాజ్యాంగమే అత్యున్నత శాసనం అన్నది ఆధునిక రాజ్యాంగ న్యాయానికి మూలసూత్రం. రెండవ ప్రపంచయుద్ధానంతర ఐరోపాలో ఈ సూత్రం పరీక్షకు గురైంది. 1957లో ఆరు దేశాలు రోములో సంతకం చేసిన ఒడంబడిక ఐరోపా ఆర్థిక సమాజాన్ని స్థాపించింది. సమాజపు శాసనానికీ సభ్యదేశపు శాసనానికీ వైరుధ్యం ఏర్పడితే ఏది చెల్లుతుందో అందులో స్పష్టంగా లేదు. ఆ లోటును న్యాయస్థానాలు పూరించాయి. ఈ క్రమాన్ని జాతీయ రాజ్యాంగాల క్షీణతగా మాత్రమే చూడడం చరిత్రకు న్యాయం చేయదు. జాతీయ న్యాయస్థానాల అభ్యంతరాలే దేశాతీత శాసనంలో ప్రాథమిక హక్కులకు చోటు కల్పించడంలో ప్రధాన పాత్ర వహించాయి.

పశ్చిమ జర్మనీ నుంచి తెప్పించుకున్న రసాయనంపై సుంకం 3 శాతం నుంచి 8 శాతానికి పెరగడాన్ని వాన్ గెండ్ ఎన్ లోస్ అనే డచ్ సంస్థ సవాలు చేసింది. ఒడంబడిక రాజ్యాలకే కాక వ్యక్తులకు కూడా నేరుగా హక్కులిస్తుందని లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం 1963లో ప్రకటించింది. ఇటలీలో విద్యుత్ సంస్థల జాతీయీకరణను వ్యతిరేకించిన మిలాన్ న్యాయవాది ఫ్లామినియో కోస్టా 1,925 లీరాల విద్యుత్ బిల్లు చెల్లించడానికి నిరాకరించారు. ఆ వ్యాజ్యంలో 1964లో వెలువడిన తీర్పు, సభ్యదేశం తరువాత చేసిన చట్టం సైతం ఒడంబడికను తోసిపుచ్చజాలదని నిర్ణయించింది.

అసలు సంఘర్షణ జర్మనీలో తలెత్తింది. మొక్కజొన్న ఉత్పత్తి ఎగుమతి లైసెన్సు కోసం చెల్లించిన ధరావతును కోల్పోయిన ఒక వ్యాపార సంస్థ, ఆ నిబంధన తన రాజ్యాంగ హక్కులకు భంగకరమని వాదించింది. జాతీయ రాజ్యాంగంలోని హక్కులను చూపి సమాజపు శాసనాన్ని చెల్లదనలేరని ఐరోపా న్యాయస్థానం 1970లో బదులిచ్చింది. నాజీ పాలన అనుభవం నుంచి పుట్టిన 1949 నాటి జర్మన్ మౌలిక శాసనం మానవ గౌరవాన్ని సవరణకు అతీతంగా నిలిపింది. భారత సుప్రీంకోర్టు 1973లో కేశవానంద భారతి తీర్పులో ప్రతిపాదించిన మౌలిక స్వరూప సిద్ధాంతానికి ఇది సన్నిహితం. అటువంటి రాజ్యాంగాన్ని కాపాడవలసిన జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం 1974 మే 29న ఒక షరతు విధించింది: పార్లమెంటు ఆమోదించిన హక్కుల పట్టిక సమాజానికి లేనంతవరకు ఆ శాసనాలను తాను హక్కుల గీటురాయిపై పరీక్షిస్తుంది. జర్మన్‌లో ‘జోలాంగె’ అనే మాటతో ప్రసిద్ధమైన ఈ తీర్పును ముగ్గురు న్యాయమూర్తులు వ్యతిరేకించారు.

ఈ షరతు వృథా కాలేదు. ఐరోపా న్యాయస్థానం తన తీర్పుల్లో హక్కుల రక్షణను క్రమంగా విస్తరించింది. 1979లో ఐరోపా పార్లమెంటుకు ప్రత్యక్ష ఎన్నికలు జరిగాయి. 1986లో జర్మన్ న్యాయస్థానం అదే మాటను తిప్పి పలికింది: హక్కులకు తగిన రక్షణ ఉన్నంతవరకు తాను పరీక్షించదు. 2000లో ప్రకటితమైన ప్రాథమిక హక్కుల పత్రానికి 2009 డిసెంబరు 1న ఒడంబడికతో సమానమైన శాసనబలం లభించింది.

అయితే తుది నిర్ణేత ఎవరన్న ప్రశ్న ముగియలేదు. 2020 మే 5న జర్మన్ న్యాయస్థానం, ఐరోపా కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోలును సమర్థించిన లక్సెంబర్గ్ తీర్పు అధికార పరిధిని దాటిందని మొదటిసారిగా ప్రకటించింది. 2021 అక్టోబరులో పోలండ్ రాజ్యాంగ ట్రిబ్యునల్, ఐరోపా ఒడంబడికలోని కొన్ని నిబంధనలు తమ రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. పైకి రెండింటి భాష ఒకటే. కాని 1974 నాటి షరతు పౌరుల హక్కులకు మరింత రక్షణ కోరింది. పోలండ్ తీర్పు న్యాయవ్యవస్థ స్వతంత్రతపైనే వివాదం సాగుతున్న వేళ వెలువడింది.

ఐరోపా శాసనపు ఆధిక్యత నేటికీ ఒడంబడిక అధికరణాల్లో కాక లిస్బన్ ఒడంబడికకు జతపరచిన 17వ ప్రకటనలోనే కనిపిస్తుంది. ఆ అస్పష్టత వల్లనే జాతీయ రాజ్యాంగాలకు ప్రశ్నించే అవకాశం మిగిలింది. అది పౌరునికి రక్షణగా నిలిచేదీ, పాలకునికి సాకుగా మారేదీ ప్రశ్నించే న్యాయస్థానపు స్వతంత్రతను బట్టి ఉంటుందని ఈ ఆరు దశాబ్దాల చరిత్ర తెలుపుతున్నది.